గట్టు రోడ్డు మీద మా అమ్మాయి సైకిలు

కోనసీమలో కాలవ గట్టునే ఉన్న ఒక ఊరి నుంచి నలభై ఏళ్ల గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఇంట్లో జాకెట్లు కుడతారు. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో మామగారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంటారు. హైస్కూలు 5 కిలోమీటర్ల దూరం. ఆరో తరగతి నుంచీ అమ్మాయి సైకిలు మీదే వెళ్లొస్తోంది. మొదటి 2 కిలోమీటర్లు కాలవ గట్టు, ఆ తర్వాత సెంటరు, అక్కణ్ణించి పెద్ద రోడ్డు. చేల మీదుగా ఒక పుంత, అంటే మట్టి దారి, కూడా ఉంది. కిలోమీటరు ఎక్కువవుతుంది, మధ్యలో తాటితోపు దగ్గర మనుషులుండరు.

రెండు నెలల కిందట తెల్లవారుజామున, వీళ్లింటికి నాలుగిళ్ల అవతల కల్వర్టు దగ్గర, పాలు పోయడానికి సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన్ని రొయ్యల వ్యాను గుద్ది, ఆగకుండా పోయింది. చప్పుడు విని ముందు పరిగెత్తింది ఈవిడే. ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మూడు బండ్లు పక్కనుంచి వెళ్లిపోయాయట. అమలాపురం చేరేలోపే ఆయన ప్రాణం పోయింది. ఆ వ్యాను ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు.

మర్నాడే ఈవిడ కూతురి సైకిలుకి తాళం వేసి కొట్టంలో పెట్టేశారు. ఇప్పుడు ఆ పిల్ల మరో పదకొండు మందితో ఒకే ఆటోలో వెళ్తోంది. తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదు. మామగారు, "ఈ గట్టు మీద యాభై ఏళ్లు తొక్కాను, నాకేమైందే? ఎవరి రాత ఎలా ఉంటే అలా" అంటారు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మరిది, "ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లలు కూడా సొంతంగా తొక్కుకుని బడికెళ్తారు వదినా, నువ్వు భయపడి దాన్నీ భయపెడుతున్నావు" అని వీడియోలు పంపుతాడు. భర్తేమో ఫోన్లో, స్కూటీ కొనేద్దాం అంటున్నారు.

"మా ఊరి రోడ్డే అంత ప్రమాదమా, లేక నా బుర్రలోనే ఉందా? అక్కడి పిల్లలకు లేని గండం మా పిల్లకే ఎందుకండీ? పంపుదామంటే ప్రాణం కొట్టుకుంటోంది. మానిపిస్తే పిల్ల ముఖం చూడలేకపోతున్నాను" అని అడిగారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిల్ల సంగతి రాశారు, మామగారి సంగతి రాశారు. మీ సంగతే రాయలేదు. ఒక మనిషి తల ఒళ్లో పెట్టుకుని, వెళ్లిపోయే బండ్లను పిలిచి పిలిచి గొంతు పోయిన మనిషి మీరు. రెండు నెలల్లో అది మరిచిపోవడం ఎవరి వల్లా కాదు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? గట్టు మీద బ్రేకు చప్పుడైతే కుట్టు మిషను దగ్గర్నుంచి ఉలిక్కిపడి లేస్తున్నారా? అలా ఉంటే అమలాపురం ఏరియా ఆసుపత్రిలో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దెబ్బ తగిలిన చోట నొప్పి ఉన్నట్టే ఇదీను.

ఆ రోజు ఆగని వాళ్లను మీరు తిట్టుకుంటున్నారు. వాళ్లలో కొందరు పోలీసు కేసు భయంతో ఆగి ఉండరు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షను వచ్చింది. ప్రమాదంలో ఉన్నవాణ్ణి కాపాడబోయిన మనిషి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ మాట మీ ఊరి ఆటోవాళ్లకి మీరే చెప్పండి. మీరు చెబితే వింటారు. ఇంకొకటి: గుద్దిన బండి దొరకలేదన్నారు కాబట్టి ఆయన భార్యకు కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న పథకం కింద 2 లక్షల రూపాయలు రావాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలు తీసుకుని ఆర్డీవో ఆఫీసుకు వెళ్లమనండి. తోడు మీరు వెళ్లినా మంచిదే.

ఇక మీ ప్రశ్న. ప్రమాదం మీ బుర్రలో లేదమ్మా, రోడ్డు మీదే ఉంది. కాకపోతే 5 కిలోమీటర్ల పొడవునా, పగలూ రాత్రీ ఒకేలా లేదు. కొన్ని చోట్ల, కొన్ని వేళల్లో ఉంది. మీకు మాత్రం ఇప్పుడు దారంతా ఆ కల్వర్టే కనిపిస్తోంది. ఆ రెంటినీ విడదీయగలిగితే సగం చిక్కు వీడుతుంది. అందుకే మీ మామగారి మాట, మరిది మాట రెండూ కాస్త ఓపిగ్గా చూద్దాం. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

మామగారు తొక్కిన గట్టు వేరు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో తవ్విన కాలవలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధాన్యం, కొబ్బరికాయ, కలప అన్నీ నీటి మీదే వెళ్లేవి. గట్టు అంటే కాలవ మట్టి పోసిన కట్ట, పడవలు లాగేవాళ్లు నడిచే దారి. బరువంతా కాలవలో పోతుంటే గట్టు మీద మనుషులు, ఎడ్లబండ్లు, సైకిళ్లు. తర్వాత కంకర పోశారు, తారు వేశారు. పడవలు పోయాయి, బరువు గట్టెక్కింది. పేరు అదే, ఊరు అదే, కాలవ అదే. రోడ్డు మాత్రం మీ మామగారి సైకిలు ఎరిగిన రోడ్డు కాదు.

మాది కూడా డెల్టాయే, పాలకొల్లు వైపు. మా గట్టు రోడ్లు నా కళ్లముందే మారాయి కాబట్టి చెబుతున్నాను. తారు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర వేస్తారు. రోడ్డు పైకి లేస్తుంది, పక్క మట్టి కిందే ఉండిపోతుంది. అంచు దగ్గర జానెడు దిగుడు పడుతుంది. అవతల ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోటో చెరువో. ఇంచు భూమి కూడా ఎవరూ వదులుకోలేని చోట రోడ్డు వెడల్పు కాదు. వెనక హారను వినగానే సైకిలు మనిషి దిగడానికి జాగా ఉండదు. రోడ్డు నున్నగా, తిన్నగా ఉంటుంది కాబట్టి డ్రైవరు కాలు ఆక్సిలరేటరు మీదే ఉంటుంది. గుంతలున్న రోజుల్లో అందరూ తిట్టుకునేవాళ్లం. ఆ గుంతలే బండ్లను ఆపేవి. గుంతల రోడ్డు కావాలని నేననడం లేదు. రోడ్డు బాగుచేసినప్పుడు వేగానికి కళ్లెం వేయడం మరిచిపోతున్నాం, అదీ నా బాధ.

ఆ పైన రొయ్యల సంగతి. పట్టుబడి, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడం, ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున చల్లని వేళ చేస్తారు. ఐస్ కరిగేలోగా సరుకు ప్లాంటుకి చేరాలి, ఆలస్యమైతే రేటు పడిపోతుంది. చెరువుల నుంచి 216 జాతీయ రహదారికి చేరాలంటే ఇలాంటి గట్టు రోడ్లే దిక్కు. నిద్ర లేని డ్రైవరు, తొందర, చీకటి. అదే వేళకు పాలు పోసేవాళ్లు, చెరువు కాపలాకి వెళ్లేవాళ్లు లైటు లేని సైకిళ్ల మీద బయల్దేరతారు. ఆ పెద్దాయన పోయింది ఆయన రాత బాగోలేక కాదు చెల్లెమ్మా. ఆ రెండు వేళలూ ఆ ఇరుకు కల్వర్టు దగ్గర కలిశాయి.

పల్లెటూళ్లో ట్రాఫిక్ ఎంత ఉంటుందిలే అనుకుంటాం. బ్రిటన్ లాంటి చోట్ల కూడా సైకిల్ ప్రమాదాలు ఎక్కువగా పట్టణాల్లో జరుగుతాయి గానీ, ప్రాణాలు పోయేవి సగానికి పైగా ఊరికీ ఊరికీ మధ్య ఉండే పల్లె రోడ్ల మీదే. బండ్లు తక్కువే, వేగం ఎక్కువ. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలవుతుంది. నడిచే మనిషిని కారు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దితే చనిపోయే అవకాశం 20 శాతం లోపని, 80తో గుద్దితే 60 శాతం దాకా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సైకిలు మీదున్నవాళ్లకూ చుట్టూ ఇనుప రేకేమీ ఉండదు కదా. మన దేశం లెక్కే చూడండి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. రోడ్ల మొత్తం పొడవులో 2 శాతం చుట్టూ ఉండే జాతీయ రహదారుల మీదే వాళ్లలో 36 శాతం మంది పోయారు. ఒక దేశంలోనే, ఒక జిల్లాలోనే రోడ్డుకీ రోడ్డుకీ ఇంత తేడా ఉంటుంది.

మీ మరిది ఉన్న దేశం గురించి ఆయనకే తెలియని ఒక సంగతి చెప్పనా? అది కూడా మన కోనసీమ లాంటి నేలే. రైను నది సముద్రంలో కలిసే చోటున్న పల్లం, అడుగడుగునా కాలవలు, గట్ల మీద రోడ్లు. తొక్కడానికి చాలా చోట్ల ఎత్తే ఉండదు. నేల ఒకటే అయినప్పుడు పిల్లల గండం ఎందుకు వేరు? మొదట్లో వేరు కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది దాకా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కార్లు ఒక్కసారిగా పెరిగాయి, రోడ్లన్నీ కార్లకే వదిలేశారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 'పిల్లల హత్యలు ఆపండి' అని ఉద్యమం పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని జరిగింది. బండ్లు 80తో వెళ్లే రోడ్డు పక్కన సైకిళ్లకు వేరే దారి వేశారు. వేరే దారికి జాగా లేని చిన్న రోడ్ల మీద వేగం 60కి, ఊళ్లో అయితే 30కి దించారు. మరిది పంపే వీడియోల్లో పిల్లలు ధైర్యంగా తొక్కుతున్నారంటే ఆ ధైర్యం వెనక అంత కథ ఉంది. ఈసారి వీడియో పంపితే ఆ రోడ్డు మీద వేగం బోర్డు ఎంత ఉందో కూడా ఫొటో తీసి పంపమనండి.

మరి మీ గట్టు మీద? 2018లో కేంద్రం ఇచ్చిన ప్రకటన ప్రకారం, వేరే బోర్డు లేని మామూలు రోడ్డు మీద కారు 70 దాకా, సరుకు బండి 60 దాకా వెళ్లొచ్చు. అంటే మీ అమ్మాయి పక్కనుంచి 60తో వ్యాను వెళ్లినా వేగం హద్దు దాటినట్టు కాదు. ఇంతకన్నా తక్కువ పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. అడిగేవాళ్లు ఉండాలి.

ఇంకొక్క మాట చెప్పి మీ దారిలోకి వస్తాను. ఎవరైనా మీతో, "ఫలానా మండలంలో సైకిలు మీద ఒక్కరు కూడా పోలేదు, అక్కడ భయం లేదు" అంటే నమ్మకండి. అక్కడ సైకిలు తొక్కేవాళ్లే లేకపోవచ్చు. ఎంతమంది, ఎంత దూరం తొక్కుతున్నారో చూడకుండా చావులు లెక్కపెడితే ఏ ఊరు మంచిదో తేలదు. జేకబ్‌సన్ అనే పరిశోధకుడు 2003లో చాలా ఊళ్ల లెక్కలు తీసి ఒకటి చూపించాడు: తొక్కేవాళ్లు పెరిగే కొద్దీ ఒక్కొక్కరికి ఉండే ప్రమాదం తగ్గుతుంది. డ్రైవరుకు కళ్లు అలవాటు పడతాయి. మా చిన్నప్పుడు బడి వదిలితే గట్టు నిండా సైకిళ్లే, బస్సు వాడే ఆగి దారి ఇచ్చేవాడు. ఇప్పుడు ఒకరిద్దరు పిల్లలే తొక్కుతుంటే డ్రైవరుకు వాళ్లు ఆనరు. భయపడి ఒక్కో తల్లీ సైకిలు కొట్టంలో పెట్టేస్తే మిగిలిన పిల్లల మీద గండం పెరుగుతుంది. ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. మీ దారిలో తోడు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

స్కూటీ మాట మాత్రం మీవారికి వద్దని చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లకు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను కింద శిక్ష పెద్దవాళ్లకే. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చు, పిల్లకు పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టం మాట అలా ఉంచినా, అదే గట్టు మీద ఆ పిల్ల మరింత వేగంగా వెళ్తుంది. మనం దేనికి భయపడుతున్నామో దాన్నే కొనిచ్చినట్టవుతుంది.

ఆటోలోనే పంపుతారనుకోండి. మీకు మనశ్శాంతి దొరుకుతుంది, దాన్ని తీసిపారేయను. కానీ ముగ్గురు కూర్చోవాల్సిన బండిలో పన్నెండు మంది, డ్రైవరు సీటు మీద ఇద్దరు, బయటికి వేలాడే సంచులు. ఆ బండి కూడా ఆ కల్వర్టు మీదుగానే వెళ్తుంది. అయిదారుగురిని మించి ఎక్కించుకోనని ఒప్పుకునే ఆటో దొరికితే, నెలకు కాస్త ఎక్కువైనా, అది వేరే సంగతి. పిల్ల వైపు నుంచి చూస్తే ఇన్నాళ్లూ తన వేళకు తాను వెళ్లి తన వేళకు తాను వచ్చేది. సైకిలుతో పాటు అదీ పోయింది. ఏ తప్పూ చేయకుండా శిక్ష పడిందనుకుంటోంది. మౌనానికి కారణం అదేనని నా ఊహ.

పుంత దారి నాకు నచ్చింది, కానీ ఏడాది పొడవునా పనికిరాదు. వానలు పడితే రేగడి మట్టి మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని సైకిలు కదలదు. అయితే చూడండి, దాళ్వా మాసూళ్ల వేళ, అంటే రెండో పంట వరి కోతలప్పుడు, ఏప్రిల్‌లో, పుంత ఎండి గట్టిగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే గట్టు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, బరకాలు కప్పుతారు. సైకిలు రోడ్డు మధ్యకు రావాల్సి వస్తుంది. ఆ నెలా నెలన్నర పుంతే మేలు. సంక్రాంతి వారం కూడా అంతే, బయటి ఊళ్ల కార్లు గట్టు మీద పరుగులు పెడతాయి. తాటితోపు భయం మాత్రం చిన్నది కాదు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరో ముగ్గురో కలిస్తేనే ఆ దారి లెక్కలోకి వస్తుంది. మీ గట్టు మీద ఇంకా ఎంతమంది పిల్లల సైకిళ్లు కొట్టాల్లో ఉన్నాయో అడిగారా? జాకెట్లు కుట్టే మీ దగ్గరికి ఆ తల్లులందరూ వస్తారు కదా.

గట్టు మీదే పంపితే వేళ చూసుకోవాలి. ఎనిమిది దాటాక వ్యాన్ల తాకిడి తగ్గుతుందేమో మీరే వారం రోజులు అరుగు మీద కూర్చుని లెక్కపెట్టండి, నా మాట మీద ఆధారపడకండి. వచ్చే ఏడు పదో తరగతి. పొద్దున్నే స్పెషల్ క్లాసులు, సాయంత్రం ఏడు దాకా స్టడీ అవర్స్ ఉంటాయి. డిసెంబరు, జనవరి మంచులో ఆ వేళకు సైకిలు వద్దు. ఆ రెండు నెలలు ఆటో, మిగతా రోజులు సైకిలు అని ముందే అనుకోవచ్చు. సగం సగం చేయడం ఓడిపోవడం కాదు.

తొక్కే పద్ధతిలో కూడా కొంత ఉంది. పిల్లలు భయపడి అంచు మీద తొక్కుతారు. అంచు దిగుడులో చక్రం పడితే కాలవలోకో, బండి కిందకో. అంచుకి మూరెడు లోపలగా, తిన్నగా తొక్కాలి. కల్వర్టు ముందు వెనక పెద్ద బండి చప్పుడు వినిపిస్తే దాటేద్దామని తొందరపడకుండా, ముందే దిగి నిలబడాలి. వెళ్లేటప్పుడు ఎడమ పక్క కాలవ ఉందా, వచ్చేటప్పుడు ఉందా గమనించండి. కాలవ ఎడమ పక్కన ఉన్న ప్రయాణంలో ఎక్కడెక్కడ దిగి నిలబడొచ్చో ముందే చూసి పెట్టుకోవాలి. ఎదురు బండ్లు కనిపిస్తాయని కుడి పక్కన తొక్కమనే పెద్దవాళ్లుంటారు, ఆ మాట వినొద్దు. హెల్మెట్ పెడితే కింద పడినప్పుడు తలకు మంచిది, కానీ వ్యాను ముందు అది ఆపగలిగింది తక్కువ.

రోడ్డుకు చేయాల్సింది మీ ఒక్కరి వల్ల కాదు, అయినా మొదలు మీరే పెట్టొచ్చు. గట్టు ఇరిగేషన్ వాళ్లది, దాని మీద తారు పంచాయతీరాజ్‌దో ఆర్ అండ్ బీదో అయి ఉంటుంది. మాది కాదంటే మాది కాదని తిప్పుతారు. అందుకే ముందు గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును అడిగి, రోడ్డు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అడగాల్సింది పెద్ద పని కాదు: కల్వర్టుకు రెండు పక్కలా గోడ, అంచు దిగుడు పూడ్చడం, 30 బోర్డు, తెల్ల గీతలతో స్పీడు బ్రేకరు. గీతల్లేని బ్రేకరు వేస్తే చీకట్లో సైకిళ్లే ముందు పడతాయి, కాబట్టి గీతల మాట తప్పకుండా రాయండి. అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. చనిపోయిన పెద్దాయన భార్య, మీరు, ఇంకో పదిమంది తల్లులు కలిసి వెళ్తే ఆ అర్జీకి ఉండే బరువే వేరు. వెంటనే జరుగుతుందని మాట ఇవ్వలేను. ఒక్క గోడకే ఏడాది పట్టినా పట్టొచ్చు. రొయ్యల రైతులు మీ ఊరివాళ్లే అయితే, బడి వేళకు గంట అటూ ఇటూ గట్టు మీద నెమ్మదిగా నడపమని వాళ్ల చేతే డ్రైవర్లకు చెప్పించడం అంతకన్నా తొందరగా అవుతుంది.

ఇవన్నీ తేల్చుకోకముందే చేయాల్సింది ఒకటుంది. వచ్చే ఆదివారం పొద్దున్న మీరూ అమ్మాయీ ఆ 5 కిలోమీటర్లూ నడవండి. సైకిలు నడిపించుకుంటూ రమ్మనండి. మీరు మాట్లాడకండి. ఎక్కడ భయమేస్తుందో, ఎక్కడ దిగుతుందో, ఏ మలుపులో ఏ కుక్క వెంటపడుతుందో తననే చెప్పమనండి. మూడేళ్లు ఆ రోడ్డు తొక్కిన పిల్ల, ఆ రోడ్డు గురించి మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి. కల్వర్టు దగ్గర మీకు కాళ్లు ఆడకపోతే ఆడటం లేదని చెప్పండి. ఆ రోజు ఏం చూశారో పిల్లకు ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. అమ్మ తాళం వేసిందని తెలుసు గానీ, ఎందుకు వేసిందో ఆ పిల్లకు తెలియకపోవచ్చు.

మీ మామగారు ఇప్పటికీ తెల్లవారకముందే సైకిలు తీస్తున్నారని మీ ఉత్తరం చివర్లో ఒక ముక్క ఉంది. పిల్ల కన్నా ముందు ఆయన సైకిలు చూడండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు పగిలి ఉంటే మార్పించి, మడ్‌గార్డుకి, పెడళ్లకి మెరిసే టేపు అంటించండి. రాత అంటూ ఆయన వద్దంటారు, మనవరాలి చేత అంటిస్తే ఏమీ అనరు.